నోటితో అనకూడని మాట

న్యూ టౌన్, కోల్‌కతా
18 జూన్ 2024

సన్యాసమ్మ అత్తకి,

నీ మేనకోడలు సత్యవేణి రాస్తోంది. ఫోన్‌లో నా మాట నీకు కందిరీగ తిరిగినట్టు వినిపిస్తోందని, ఒక్క ముక్కా అర్థం కావడం లేదని మీ అమ్మాయి అరుణ చెప్పింది. మా ఆఫీసులో చెవులు బాగా ఉన్నవాళ్లూ నా గురించి అదే అంటారు. అందుకని ఇకనుంచి కాగితమే. విసుగొస్తే కళ్లద్దాలు తీసి పక్కన పెట్టు, నేను ఆగిపోతాను.

మేం అద్దెకుంటున్న టవర్లో పన్నెండో అంతస్తులో ఒక కుటుంబం ఉంది. వాళ్లింట్లో ఓ పిల్ల గిన్నెలు తోముతుంది. పన్నెండేళ్లకి మించవు. "మా అమ్మాయిలాగే చూసుకుంటాం దీదీ" అన్నారు. మీ అమ్మాయి బడికి పోతోంది కదా, మరి ఈ అమ్మాయి ఎందుకు పోదు అని అడిగాను. పద్దెనిమిదేళ్లని కార్డు తెచ్చి చూపించారు. కార్డు ఉంది కాబట్టి ఫిర్యాదు నిలవలేదు. అప్పటినుంచి లిఫ్ట్‌లో నన్ను చూస్తే గోడవైపు తిరుగుతారు. పిల్లల రక్షణ పేరుతో ఇరవై రెండేళ్లుగా జీతం తింటున్నాను. ఈ దేశంలో కాగితం ఉన్నవాడు ఏం చేసినా సంరక్షణే, కాగితం లేనివాడు అన్నం పెట్టినా అనుమానమే.

అయినా ఈసారి అనుమానం నాదే. పిల్ల పేరు, పేట పేరు, ఇంటివాళ్ల పేర్లు చట్టప్రకారం నీకు చెప్పకూడదు, అడక్కు. ఎనిమిదేళ్ల ఆడపిల్ల. బడిలో పుట్టిన సర్టిఫికెట్ అడిగితే లేదన్నారట. నువ్వెక్కడ పుట్టావమ్మా అని టీచరు పిల్లనే అడిగింది. "నాను పుట్టలేదు, మా అమ్మ నన్ను కొనుక్కుంది" అందట, అదేదో బహుమతి వచ్చినట్టు. టీచరు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. ఆ ఇంటివాళ్లు మన శ్రీకాకుళం వైపు వాళ్లు. ఆఫీసులో తెలుగు వచ్చింది నాకొక్కదానికే కనక నన్ను పంపారు.

ఒక్క గది ఇల్లు. భర్త పనిమీద పారాదీప్ ఓడరేవుకి పోయాడు. ఆమె పిల్లకి తల దువ్వుతోంది.

"పిల్ల నీ సొంత బిడ్డేనా?" అన్నాను.

"కొన్నాను."

"ఎవరి దగ్గర?"

"ఓ అమ్మ దగ్గిర."

"ఆమె పేరు?"

"సెప్పకూడదు."

"మరి కన్నదెవరు?"

దువ్వెన కింద పెట్టి, రెండు చేతులతో పిల్ల చెవులు మూసింది. "నాను కాదు. రాసుకో."

రాసుకున్నాను. పిల్లల్ని అమ్మి కొనే ముఠాలు తల్లులకి నేర్పే జవాబులు ఇంతకంటే తెలివిగా ఉంటాయి, అదొక్కటే నన్ను తికమక పెడుతోంది. నువ్వు ఈ ఊళ్లోనే మున్సిపల్ ప్రసూతి ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేశావు. పిల్లల్ని కొనేవాళ్లని చూసే ఉంటావు. నీకేమనిపిస్తోంది?

ఇంకా అరవగల,
నీ సత్యవేణి


బారువ
27 జూన్ 2024

సత్యవేణికి అత్త దీవెనలు.

ఉత్తరం చేరింది. పోస్టుమాన్ గురువులు చేతికిచ్చి, చదివి పెట్టమంటావా అన్నాడు. నాకు చెవులు పోయాయి గానీ కళ్లు పోలేదు అన్నాను. ఇక్కడ సముద్రపు గాలికి కిటికీ ఊచలన్నీ తుప్పు. అరుణ హెల్త్ సెంటర్ డ్యూటీ చేసి వచ్చి నాకు మందులు లెక్కపెట్టి ఇస్తుంది, నర్సు కదా, నన్నూ రోగిని చేసేసింది. అల్లుడు నెమ్మదస్తుడు. నాకు వినపడదని మర్చిపోయి రోజూ శుభోదయం చెబుతాడు.

నువ్వడిగిన సంగతి. చూడకేం. మా ఆస్పత్రికి ఓసారి మోచేతుల దాకా గాజులేసుకున్న మనిషి వచ్చింది. మూడో నంబరు మంచం మీద బీహారు పిల్లకి కవలలు పుట్టారు, ఇద్దరిలో ఒకడిని ఇప్పించు మాసీ, నీకు చీర పెడతాను అంది. నా చేతిలో అప్పుడు రోగి కింద పెట్టే పళ్లెం ఉంది, ఖాళీది కాదు. చీర కట్టుకుని వచ్చిన మనిషి ఆ చీరతో ఇంటికి వెళ్లలేదు.

బిడ్డని కొన్నానని మొహం మీద చెప్పిన ఆడదాన్ని నువ్వు వదిలిపెట్టకు. చెవులు మూస్తే మాత్రం ఏటి, పాపం మూతపడుతుందా? కాగితం గట్టిగా రాయి. నీ జాలి గుండె నాకు తెలుసు, పైకి అరుస్తావు, లోపల కరిగిపోతావు, మీ నాన్న నరసయ్య కూడా అంతే. మా అన్న మంచివాడే గానీ, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ మెట్లు దిగి మా ఏక్‌బాల్‌పూర్ గల్లీకి వచ్చింది నా పెళ్లయ్యాక రెండే సార్లు. నిన్ను ఒక్కసారి కూడా తీసుకురాలేదు. రేవు డాక్ కూలీల పిల్లలతో ఆడితే నీకు తెలుగు పాడవుతుందన్నాడు. ఇప్పుడు ఆ తెలుగు కోసమే నిన్ను పంపుతున్నారంటే నవ్వొచ్చింది.

వేళకి తిను.
అత్త సన్యాసమ్మ


న్యూ టౌన్
8 జూలై 2024

అత్తా,

నీ ఉత్తరం వచ్చిన రోజే నివేదిక రాసేశాను. గట్టిగానే రాశాను. "సంరక్షకురాలు పిల్లను కొన్నట్టు స్వయంగా అంగీకరించింది, కన్నతల్లి ఎవరో చెప్పడానికి నిరాకరించింది." శిశు సంక్షేమ కమిటీ ఆ రెండు ముక్కలూ చదివి పిల్లని హోమ్‌కి పంపింది. కన్నవాళ్లెవరో నాలుగు నెలల్లో తేలకపోతే దత్తతకి అర్హురాలని ప్రకటిస్తారు. ఆ తర్వాత పిల్ల ఏ ఊరికి పోతుందో, ఏ పేరుతో పెరుగుతుందో ఆ ఒక్క గది ఇంట్లో ఉన్న ఆమెకి తెలిసే దారి ఉండదు.

హోమ్‌లో పిల్లతో మాట్లాడాను. నీ సలహా కోసం కాదు, మనసు ఊరుకోక రాస్తున్నాను. తనని ఎంతకి కొన్నారో కూడా పిల్లకి తెలుసు. చాటెడు తవుడికట. విని నాకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిదేళ్ల క్రితం ఏ పల్లెలోనో ఒక తల్లి, గేదెకి పెట్టే తవుడు తిని బతకడానికి కూతుర్ని ఇచ్చేసిందన్న మాట. మనం చంద్రుడి మీద దిగిన ముచ్చట్లు పిల్లల చేత వ్యాసాలు రాయిస్తున్నాం. నివేదికకి అనుబంధంగా అది కూడా చేర్చాను, పేదరికం గురించి ఒక పేరా నా సొంత పైత్యం కలిపి. పై అధికారి ఆ పేరా కొట్టేసి తవుడు మాత్రం ఉంచాడు.

పిల్ల సరిగ్గా తినడం లేదు. ముక్కుకి రాగి పోగు ఉంటే, హోమ్‌లో నగలుండకూడదని తీసేశారు. అప్పుడు ఏడ్చిన ఏడుపుకి వంటమనిషి పొయ్యి వదిలి వచ్చిందట. "అది తీస్తే నన్ను గుర్తుపట్టేస్తాది" అంటుంది. ఎవరు అంటే చెప్పదు.

ఆమె రోజూ వస్తోంది. గేటు బయట రిక్షా స్టాండు పక్కన గొడుగేసుకుని నిలబడుతుంది. ఎవర్నీ తిట్టదు, లోపలికి పంపమని అడగదు. నాలుగు రోజులైంది. గేటు కాసే దర్వాన్ నరసింహం మన భాషవాడే. "ఏటమ్మా ఇలా నిల్చుంటావు, పనిలోకి పోవా?" అన్నాడట. "నానిక్కడ ఉన్నానని తెలిస్తే అది తింటాది బాబూ" అందట.

ఇన్నేళ్లలో పిల్లల్ని కొన్నవాళ్లని చాలామందిని చూశాను అత్తా. గేటు దగ్గర నిలబడ్డవాళ్లని చూడలేదు.

సత్యవేణి


బారువ
15 జూలై 2024

ఒలే సత్యవేణీ,

నీ ఉత్తరం చదివి అన్నం ముందు నుంచి లేచిపోయాను.

ఆ గుంట పేరు తవిటమ్మ. తల్లి నూకాలు. తండ్రి బైరాగి, డాక్‌లో కూలీ. ఏక్‌బాల్‌పూర్‌లో మా గదికి ఆనుకున్న గది, నేను ఇక్కడికి వచ్చేసేదాకా ఆ పిల్ల మా గుమ్మంలోనే ఆడుకునేది. నువ్వు చెప్పలేదు, నేనే చెబుతున్నాను, కాబట్టి నీ చట్టానికి ఏమీ కాలేదు. పిల్లని కొన్నదెవరో, అమ్మిందెవరో నీకు తెలియాలంటే, రెండూ నేనే.

నూకాలు ముగ్గుర్ని కన్నది. ఒకడు పదకొండు రోజులు, ఒకతె ఏడాది, ఒకడు పేరు పెట్టకముందే. నాలుగో కాన్పు 2016 ఆగస్టులో. గల్లీలో మోకాలి లోతు నీళ్లు, టాక్సీ రానంది. నేనే చేశాను. ఆడపిల్ల ఏడవగానే నూకాలు నా చెయ్యి పట్టుకుంది. "పిన్నీ, దీన్ని నువ్వు కొనుక్కో" అంది. అది మన వైపు ఎప్పటినుంచో ఉన్నదే. పిల్లలు నిలవని ఇంట్లో పుట్టిన బిడ్డని, చాటెడు తవుడిచ్చి ఇంకో ఆడది కొంటుంది. కొని తన గుమ్మంలోకి తీసుకుపోతుంది. కాసేపయ్యాక తల్లి అదే తవుడిచ్చి మళ్లీ కొనుక్కుంటుంది. నూకాలు బిడ్డ కోసం వచ్చే చావుకి అక్కడ నూకాలు కన్న బిడ్డ కనిపించదు, కొన్న బిడ్డ కనిపిస్తుంది. గుర్తుపట్టకుండా ముక్కుకి రాగి పోగు. అందుకే ఆ పేరు. మన జిల్లాలో తవిటయ్యలు, తవిటమ్మలు ఎంతమంది ఉన్నారో, అంతమంది తల్లులు అలా భయపడినవాళ్లే.

నీకిది తెలీదని నాకు తట్టనే లేదు. మీ నాన్న యూనియన్ మనిషి, ఇలాంటివి ఇంట్లోకి రానివ్వలేదు. నువ్వు తవుడు అనగానే ఆకలి అనుకున్నావు. తప్పు నీది కూడా కాదేమో.

తర్వాత నుంచి తల్లి "ఇది నేను కన్నది" అని నోటితో అనకూడదు. కొన్నావిడ పేరు చెప్పకూడదు. అంటే చేసిందంతా చెడుతుంది. పుట్టిన సర్టిఫికెట్ కోసం ఇద్దరం వార్డు ఆఫీసుకి వెళ్లాం. ఫ్యాను చప్పుడుకి గుమాస్తాకి వినపడక, తల్లి ఎవరో గట్టిగా చెప్పండి అన్నాడు. నూకాలు నా మొహం చూసింది, నేను నూకాలు మొహం చూశాను. చంటిదాన్ని ఎత్తుకుని వచ్చేశాం.

ఇదంతా అరుణ చేత ఫోన్ చేయించి చెప్పొచ్చు. అప్పుడు అరుణ నోటితో అనాలి. అందుకే రాస్తున్నాను. రాయకూడదని ఎవరూ పెట్టలేదు. ఈ కట్టుబాటు పెట్టినవాళ్లకి రాత రాదు.

కాగితం గట్టిగా రాయమన్నది నేను. ఆడదాన్ని వదలొద్దన్నది నేను. ఆ గేటు దగ్గరికి పోయి, గొడుగు కింద నిల్చున్నదానికి నేనేటి చెప్పను?

సన్యాసమ్మ


న్యూ టౌన్
23 జూలై 2024

అత్తా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. దిగాల్సిన చోట దిగలేదు.

కోపంగా ఉన్నాను, దాచను. ఎనిమిదేళ్లు ఒక పిల్లకి ఈ దేశంలో పుట్టుకే లేకుండా చేశారు మీ ఇద్దరూ. టీకాల కార్డు లేదు, రేషన్‌లో పేరు లేదు. ఆ ముగ్గురూ ఎందుకు పోయారు? గల్లీలో మురుగునీళ్లు మంచినీళ్ల గొట్టంలోకి వస్తాయి కనక. మీ చేతుల్లో చాట ఉండాల్సింది కాదు, వార్డు ఆఫీసు ముందు ఎర్రజెండా ఉండాల్సింది. నాన్న ఉంటే ఇదే అనేవాడు.

ఈ ఉపన్యాసం గేటు దగ్గర నూకాలుకి కూడా ఇచ్చాను. చావుకి చెవులుండవు, కమిటీ ముందు ఒక్కసారి "నేను కన్నాను" అను, సాయంత్రానికి పిల్ల ఇంట్లో ఉంటుంది అన్నాను. నన్ను ఎగాదిగా చూసింది.

"దీదీ, పోయిన ముగ్గుర్నీ నాను కన్నానని అందరికీ సెప్పినాను. పేరంటం పిలిసి సెప్పినాను. ఈ ఒక్కదానికే సెప్పలేదు. ఉన్నది ఇదొక్కతే."



"అక్కడుంటే బతికే ఉంటాది కదా?" అని అడిగింది తర్వాత. పిల్లని శాశ్వతంగా వదులుకోవడానికి కూడా సిద్ధపడుతోంది, ఆ మాట అనడానికి మాత్రం కాదు.

రక్తపరీక్షకి రాయొచ్చు, అది నెలల తరబడి పడుతుంది, ఆమె సంతకం పెట్టదు కూడా. బైరాగికి ఫోన్ చేస్తే "ఆడోళ్ల యవ్వారం, నాకు తెల్దు" అని పెట్టేశాడు, భయం అతని గొంతులోనూ ఉంది. కమిటీ ఆగస్టు పన్నెండున కూర్చుంటుంది. నువ్వు రా. సాక్షిగా నిలబడి నీ నోటితో చెప్పు. నువ్వు చెబితే తల్లి చెప్పక్కర్లేదు. టికెట్ నేను తీస్తాను.

సత్యవేణి


బారువ
31 జూలై 2024

సత్యవేణికి,

రాను. వస్తే నన్ను నిలబెట్టి అడుగుతారు, అడిగితే చెప్పాలి. నేను అక్కడ నోరు విప్పాక ఆ గుంటకి మామూలు జ్వరం వచ్చినా నూకాలు జన్మలో నా మొహం చూడదు. నా మొహం నేనూ చూసుకోలేను.

నువ్వన్న నీళ్ల గొట్టం నిజమే. ఆ గొట్టం గురించి పదేళ్లు అర్జీలు పెట్టాం, నా సంతకాలు ఇప్పటికీ ఆ ఆఫీసులో ఎక్కడో ఉంటాయి. గొట్టం మారేదాకా నూకాలు ఊరికే కూర్చోవాలా? చేతిలో ఉన్నది తవుడు, దాంతో చేసింది. భయపడ్డదాన్ని గెలిస్తే నీకేటి వస్తుంది? నీకు ఆ మాట కావాలా, పిల్ల కావాలా, అది తేల్చుకో ముందు.

వేరే కాగితం మీద నా సాక్ష్యం పెట్టాను. పేట హెల్త్ సెంటర్లో ఆ ఏడాది గర్భిణుల రిజిస్టరు వెతికించు. నూకాలుకి ఏప్రిల్, జూన్ నెలల్లో ఇంజెక్షన్లు దగ్గరుండి నేనే వేయించాను. తవుడిని నమ్మాను గానీ ఇంజెక్షన్ మానలేదు, ముప్పై ఏళ్ల ఆయాని.

ఒకటే షరతు. కాగితాన్ని ఎవరూ పైకి చదవకూడదు.

అత్త

[జత చేసిన కాగితం]
తవిటమ్మను 2016 ఆగస్టులో, ఏక్‌బాల్‌పూర్‌లో బైరాగి గదిలో, బైరాగి భార్య నూకాలు కన్నది. కాన్పు చేసి బొడ్డు కోసింది నేను. చాటెడు తవుడిచ్చి బిడ్డను తీసుకుని, అదే తవుడికి తల్లికి తిరిగి ఇచ్చాను. ఇందులో డబ్బు లేదు. మూడో మనిషి లేదు. – సన్యాసమ్మ, ఆయా (రిటైర్డు)


న్యూ టౌన్
17 ఆగస్టు 2024

సన్యాసమ్మ అత్తకి,

రిజిస్టరు దొరికింది. హెల్త్ సెంటర్ మెట్ల కింద గదిలో, తడిసి ఉబ్బిపోయి. నూకాలు పేరు ఏప్రిల్‌లో ఉంది, జూన్‌లో ఉంది, పక్కన నీ సంతకం ఉంది. నీ సాక్ష్యాన్ని బెంగాలీలోకి మార్చి నాలుగు ప్రతులు తీశాను. నా మొదటి నివేదిక తప్పని, తెలియని ఆచారాన్ని నేరంగా రాశానని ఇంకో కాగితం నా సంతకంతో పెట్టాను. ఆఫీసు నాకు మెమో ఇచ్చింది. ఇరవై రెండేళ్లలో ఇది ఐదోది. న్యాయంగా వచ్చింది మాత్రం ఇదొక్కటే.

పన్నెండో తారీఖు. నూకాలు చివరి బెంచీ మీద కూర్చుంది. అధ్యక్షురాలు కాగితం తీసి, గొంతు సవరించుకుంది. నేను లేచాను.

"మేడమ్, మనసులో చదువుకుంటారా?"

"ఎందుకు?"

"సాక్షి పెట్టిన షరతు."

"చట్టంలో అలాంటిది లేదే."

"పైకి చదవాలని కూడా లేదు మేడమ్."

అధ్యక్షురాలు కాగితం దించింది. నలుగురూ నాలుగు ప్రతులు చదివారు. వాళ్లలో ఒక పెద్దాయనకి పెదాలు కదుపుతూ చదివే అలవాటు. దేవుణ్ణి, దెయ్యాన్ని, తవుడుని దేన్నీ నమ్మని నేను, ఆయన పెదాల్లోంచి శబ్దం బయటికి వస్తుందేమోనని చెమటలు కక్కుతూ నిలబడ్డాను. రాలేదు. నన్ను చూసి నువ్వు నవ్వుకో, నేను మార్చుకున్న అభిప్రాయం ఏమీ లేదు. గొట్టం విషయం వదలను, అర్జీ రాశాను, నీ పాత సంతకాల సంగతి కూడా అందులో ఉంది.

అధ్యక్షురాలు నూకాలుని దగ్గరికి పిలిచింది. కన్నది నువ్వేనా అని అడిగేస్తుందేమోనని నేనూ ముందుకి జరిగాను. "పిల్లకి ఏ కూర ఇష్టం?" అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. "ఎండు రొయ్యలు, వంకాయ," అంది నూకాలు. "బీరకాయ అయితే ముట్టదు." ఆమె ఏదో రాసుకుని, పిల్లని ఇచ్చేయమని సంతకం పెట్టింది.

అప్పగింత పత్రం హోమ్‌లో నేనే నింపాను. చివరి గడి దగ్గర నూకాలు నా చెయ్యి ఆపింది.

"ఏటి రాస్తన్నావు దీదీ అక్కడ?"

"పిల్లకి నువ్వేమవుతావో రాయాలి."

"ఏటని రాసినావు?"

"తల్లి అని."

"కన్న అని ముందు ఏటైనా పెట్టినావా?"

"పెట్టలేదు. తల్లి, అంతే."

"సరే అయితే." కలం తీసుకుని, నేర్చుకున్న మూడు అక్షరాలు ఒక్కొక్కటే దించింది.

పిల్లని తీసుకొచ్చారు. పేలు పట్టాయని జుట్టు పొట్టిగా కత్తిరించేశారు. నూకాలు దగ్గరికి తీసుకుని, ఆ మోడు తల మీద చెయ్యి వేసి తిప్పుతూనే ఉంది, ఎంతసేపటికీ తీయదు. పిల్ల ఆమె కొంగు చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. వెళ్లేముందు నావైపు తిరిగి, చాలా మర్యాదగా, "మాసీ, నువ్వు మా ఇంటికి మల్లా రాకు" అంది. తల్లి కసరలేదు.

కానీ వెళ్లాలి. పిల్లని అప్పగించాక నెలకోసారి ఇంటికి వెళ్లి చూసి రాయడం నా ఉద్యోగం. మొదటిది సెప్టెంబరు పద్నాలుగున. ఆ గుమ్మం ముందు నన్ను చూస్తే పిల్ల మంచం కిందకి దూరుతుంది. అది నేను చేసిందే, నా వాదనలేవీ ఆ మంచం కిందకి పనికిరావు. ఉత్తరంతోబాటు నీ టికెట్ కూడా ఈ కవర్లోనే ఉంది, సెప్టెంబరు పన్నెండో తారీఖు రైలుకి. హౌరాలో ప్లాట్‌ఫాం మీదే ఉంటాను.

తలుపు కొట్టి ముందు నువ్వు నిలబడితే చాలు. ఏమీ మాట్లాడక్కర్లేదు.

నీ మేనకోడలు
సత్యవేణి